రెప్పు గారి వైద్యం

మా అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్ దగ్గర్నుంచి పై ఫ్లోరు రిటైర్డ్ తహసిల్దారు గారి దాకా ఎవరికి ఒంట్లో నలతగా ఉన్నా ముందు మా కాలింగ్ బెల్లే మోగుతుంది. నేను డాక్టర్ని కాను. బీఎస్సీ బోటనీ, అదీ సెకండ్ క్లాసు. ఒక మందుల కంపెనీలో రెప్పుని, అంటే మెడికల్ రిప్రజెంటేటివ్‌ని. విజయవాడ సూర్యారావుపేటలో మిట్టమధ్యాహ్నం మెడకి టై బిగించుకుని, భుజానికి బ్యాగు తగిలించుకుని, బండి పెట్టుకోవడానికి వేపచెట్టు నీడ వెతుక్కుంటూ ఒకడు కనిపిస్తే అది నేనే. నేను కాకపోతే నాలాంటి ఇంకొకడు. ఆ పేటలో పేషెంట్లకన్నా మేమే ఎక్కువమని గిట్టనివాళ్ళు అంటారు.

డాక్టరు దగ్గరికెళ్తే ఓపీ ఫీజు, టోకెను, టెస్టులు. నా దగ్గరికొస్తే అన్నీ ఉచితం, పైగా మా ఆవిడ కాఫీ ఇస్తుంది. మా బీరువాలో ఆవిడ పట్టుచీరలకి ఒక అర, నా శాంపిల్స్‌కి మిగతా అరలన్నీ. దగ్గుకి, గ్యాసుకి, నడుంనొప్పికి, నులిపురుగులకి ఏది ఎక్కడుందో కరెంటు పోయినా చెయ్యి పెట్టి తీసి ఇవ్వగలను. ఇచ్చేటప్పుడు గొంతు కాస్త తగ్గించి, "రోజుకి రెండుసార్లు, తిన్నాక" అంటాను. ఆ గొంతు మా పేటలో ఒక పెద్ద ఫిజీషియన్ గారిది. ఏళ్ళ తరబడి ఆయన గది తలుపు బయట నిలబడి నేర్చుకున్నాను.

ఆ సీసాల మీదా స్ట్రిప్పుల మీదా 'ఫిజీషియన్స్ శాంపిల్, నాట్ టు బి సోల్డ్' అని అచ్చేసి ఉంటుంది. అమ్మకూడదన్నారు, నేనెక్కడ అమ్మానూ అని నా వాదన. 2024 మార్చిలో కేంద్రం తెచ్చిన మార్కెటింగ్ నియమావళి మాత్రం, శాంపిల్ అనేది మందు రాసే అర్హత ఉన్నవాళ్ళకే ఇవ్వాలంటుంది. మా ఇంట్లో ఆ అర్హత ఎవరికీ లేదు. మా అమ్మకి కొంచెం ఉందని ఆ తర్వాత తేలింది.

మే నెలలో నూజివీడులో మా పిన్ని కూతురి పెళ్ళి. మే నెల, నూజివీడు, పెళ్ళి, మూడూ కలిశాక మామిడిపండు తప్ప ఇంకేం తింటారు? మావాడికి ఇంకా రెండేళ్ళు నిండలేదు. బుట్ట పక్కన కూర్చోబెట్టి రసం చేతికిస్తే టెంక తెల్లబడేదాకా వదల్లేదు. మంచినీళ్ళు వాడు అడగలేదు, మేం పట్టలేదు. పొద్దున తొడిగిన డైపరు ఫొటోల హడావుడిలో సాయంత్రం దాకా అలాగే ఉంది. వాడికి మామూలుగానే విరేచనం కష్టం. పాలసీసా తప్ప పప్పన్నం ముట్టడు, కూర అసలే ముట్టడు. ఇవన్నీ ఇప్పుడు వరసపెట్టి చెప్తున్నాను గానీ, వీటిలో ఒకదానికొకటి సంబంధం ఉంటుందని అప్పుడు నాకు తట్టలేదు. నేను పనిచేసేది పిల్లల మందుల డివిజన్లో. అది వేరే సంగతి.

ఇంటికొచ్చిన మర్నాడు ఒళ్ళు కాలిపోతోంది. థర్మామీటరు 103 చూపించింది. అమ్మ వాడి డైపరు విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, "వేడి చేసిందిరా. చూడు ఎంత ఘాటు వాసనో. పోసినప్పుడల్లా ఏడుస్తున్నాడు కూడానూ" అంది.

నాకు నవ్వొచ్చింది. వేడి చెయ్యడమనేది డాక్టర్లకి చూపించే మా కంపెనీ విజువల్ ఎయిడ్‌లో ఏ పేజీలోనూ లేదు. "ఊరంతా వైరల్ నడుస్తోందమ్మా. గొంతు చూశాను, ఎర్రగా ఉంది" అన్నాను. చూసింది సెల్‌ఫోను టార్చితో. అప్పుడు వాడు ఆరున్నొక్క రాగంలో ఏడుస్తున్నాడు. ఏడ్చే పిల్లాడి నోట్లో ఎరుపు తప్ప ఇంకేం కనిపిస్తుంది?

సరే, వైరల్ అని తేల్చినవాణ్ణి జ్వరం మందు వేసి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి ఊరుకోవచ్చు. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచెయ్యదని నాకు తెలుసు. టీవీ చూసే మా అత్తగారికి కూడా తెలుసు. కానీ బీరువా తెరవగానే ఎదురుగా మా కంపెనీ సెఫిక్సిమ్ డ్రై సిరప్ కనిపించింది. ఇన్నేళ్ళుగా దాని మీదే బతుకుతున్నాను. మందు నాది, పిల్లాడు నావాడు. చెయ్యి ఆగలేదు.

ఆ సిరప్ కలపడంలో మాత్రం నన్ను మించినవాడు లేడు. ముందు సీసాని వేలితో తట్టి అడుగున పొడి వదులు చెయ్యాలి. కాచి చల్లార్చిన నీళ్ళు కొన్ని పోసి, కుదిపి, మళ్ళీ బాణం గుర్తు దాకా పోసి, నురగ దిగేదాకా ఆగాలి. ఇదంతా వంటింట్లోకి వినపడేలా పైకి చెప్తూ చేశాను. కిలో బరువుకి రోజుకి 8 మిల్లీగ్రాములు, మనవాడు 11 కిలోలు అని నోటిలెక్క కూడా వేశాను. ఆ లేబుల్ మీద ఎర్రగీతల పెట్టెలో ఒక హెచ్చరిక ఉంటుంది. వైద్య సలహా లేకుండా వాడితే ప్రమాదమనీ, చీటీ లేకుండా అమ్మకూడదనీ దాని సారాంశం. షెడ్యూల్ హెచ్1 మందులకి 2014 మార్చి నుంచి ఆ పెట్టె ఉండాల్సిందే. మెడికల్ షాపువాళ్ళు ఈ మందు అమ్మితే రాసిన డాక్టరు పేరూ, పేషెంటు పేరూ వేరే రిజిస్టర్లో ఎక్కించి మూడేళ్ళు దాచాలి. ఈ రూలు పాటించని షాపుల గురించి కాఫీ హోటళ్ళలో కూర్చుని నేను ఎంతో ఆవేదన చెందినవాణ్ణి. మా బీరువాకి మాత్రం రిజిస్టరు పెట్టలేదు.

మర్నాడూ జ్వరం తగ్గలేదు. ఆ మర్నాడు 104 అయింది, తాగిన పాలు తాగినట్టు కక్కేస్తున్నాడు.

"మందు ఒంటికి పట్టడానికి డెబ్భైరెండు గంటలు పడుతుంది" అన్నాను.

"ఏవండీ, డాక్టర్లకి చెప్పే మాటలు నాకు చెప్పకండి" అంది మా ఆవిడ. అప్పటికే చెప్పులు వేసుకుని, పిల్లాణ్ణి భుజానేసుకుని, లిఫ్టు దగ్గర నిలబడింది.

సూర్యారావుపేటలో నేను టోకెను తీసుకుని కూర్చోవడం అదే మొదటిసారి. మేం మామూలుగా అక్కడ కూర్చోం, నిలబడతాం. అదను చూసి, ఒక పేషెంటు బయటికొచ్చి ఇంకొకరు లోపలికెళ్ళే సందులో, "ఒక్క నిమిషం మేడమ్" అంటూ దూరిపోతాం. ఆ ఒక్క నిమిషంలో బ్యాగు తెరిచి, మూడు బ్రాండ్లు చెప్పి, పెన్ను ఇచ్చి, దణ్ణం పెట్టి వచ్చేస్తాం. బయట ఒళ్ళో పిల్లలతో కూర్చున్న తల్లిదండ్రులు మమ్మల్ని ఏమనుకుంటారో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ రోజు నా ముందు ఇంకా చాలామంది ఉండగా, నున్నగా తల దువ్వుకున్న ఒక కుర్ర రెప్పు తలుపు సందులో కాలు పెట్టాడు. హాల్లో అందరికన్నా ముందు లేచి, "ఏమయ్యా, మనుషుల్లా కనిపించట్లేదా మేం? లైన్లో రా!" అని అరిచింది ఎవరనుకున్నారు? ఆ కుర్రాడు వెనక్కి తిరిగాడు. నా కింద ట్రైనింగ్ అయినవాడే. "సార్, మీరే కదా ఇలా వెళ్ళమని నేర్పారు" అన్నట్టు చూశాడు. పాపం, అనలేదు.

మా వంతు వచ్చింది. డాక్టర్ మేడమ్ కళ్ళజోడు పైనుంచి చూసి, "రెప్పులకి గురువారం కదయ్యా" అన్నారు. తర్వాత పిల్లాణ్ణి చూశారు. కుర్చీ చూపించారు. ఇన్నేళ్ళలో ఆ గదిలో నేను కుర్చీలో కూర్చోవడం కూడా అదే మొదలు.

దగ్గుందా? లేదు. జలుబు? లేదు. విరేచనాలు? అసలు అవ్వట్లేదు. మూత్రం? అమ్మ చెప్పిన ఘాటు వాసన సంగతి మా ఆవిడ చెప్పింది. మేడమ్ చెవులు, గొంతు చూశారు. "గొంతు బానే ఉంది" అన్నారు. పొట్ట నొక్కి చూశారు. ఈ వయసు పిల్లల్లో మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే ఒక్కోసారి జ్వరం తప్ప ఇంకో గుర్తే కనిపించదనీ, దగ్గూ జలుబూ లేని ఇంత జ్వరానికి ముందు మూత్రం చూడాలనీ చెప్పారు. మలబద్ధకం ఉన్న పిల్లల్లో మూత్రం కూడా పూర్తిగా ఖాళీ అవ్వక నిలవ ఉండిపోతుందట. నీళ్ళు తక్కువ తాగితే ఇంకా చిక్కట. నేను డైరీ తీసి రాసుకోబోయాను.

"ముందు యాంటీబయాటిక్ ఏమైనా వేశారా?"

ఈ ప్రశ్నకి తల్లిదండ్రులందరూ అబద్ధం చెప్తారని డాక్టర్లు నాతో ఎన్నోసార్లు వాపోయారు. నేనూ అయ్యో అంటూ తల ఊపాను. అందుకని ఏమాత్రం తడుముకోకుండా, "లేదు మేడమ్" అన్నాను.

"వేశారండీ" అంటూ మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది.

మేడమ్ సీసాని అటూ ఇటూ తిప్పారు. "మీ బ్రాండేగా?"

"యెస్ మేడమ్" అన్నాను. నవ్వు కూడా దానంతటదే వచ్చేసింది. అంతటితో ఆగినా బాగుండేది. "స్ట్రాబెర్రీ ఫ్లేవర్, మేడమ్" అన్నాను.

గదిలో కాసేపు ఫ్యాను ఒక్కటే మాట్లాడింది.

ఇక మూత్రం పట్టడం. ల్యాబ్ కుర్రాడు మూతున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా చేతిలో పెట్టి, "మిడ్ స్ట్రీమ్, సార్" అన్నాడు. అంటే ముందు సబ్బుతో శుభ్రంగా కడగాలి. మొదట వచ్చేది వదిలెయ్యాలి, మధ్యలో ధార పట్టాలి. డబ్బా లోపల మన వేలు తగలకూడదు, వాడి ఒళ్ళు తగలకూడదు. డైపరులోంచి పిండింది కల్చర్‌కి పనికిరాదు. చర్మం మీది క్రిములన్నీ అందులో మొలుస్తాయి. చెప్పడానికి ఎంతసేపు!

మావాడు ఎక్కడపడితే అక్కడ పోసే మనిషి. సోఫా మీద పోశాడు, పూజగదిలో పోశాడు, మొన్న పెళ్ళిలో వియ్యపురాలి పట్టుచీర మీద పోశాడు. డబ్బా చూడగానే బిగబట్టాడు. ఆసుపత్రి బాత్రూములో ఆవిడ వాణ్ణి ఎత్తి పట్టుకుంటే, నేను ఫార్మల్ షూసుతో గొంతుక్కూర్చుని, టై భుజం మీదికి వేసుకుని, డబ్బా పట్టుకుని "ఉస్స్స్" అంటున్నాను. కుళాయి తిప్పాం. నీళ్ళు తాగించాం. వాడు నా మొహం చూసి జ్వరంలో కూడా నవ్వుతున్నాడు గానీ చుక్క రాల్చట్లేదు. తలుపు బయట ఇంకెవరో నాన్న కూడా చేతిలో అదే డబ్బాతో వంతు కోసం ఎదురుచూస్తున్నాడు. నా "ఉస్స్"కి ఆయన పిల్ల పోసేసింది, కింద.

ఆటోలో వెనకాలే వచ్చిన అమ్మ ఇదంతా విని, "చన్నీళ్ళలో దూది ముంచి పొత్తికడుపు మీద రాయండర్రా" అంది. "అమ్మా, ఇది హాస్పిటలు" అన్నాను. ఆవిడ రాసింది. వాడు పోశాడు. మొదటి ధార నా టై మీద, మధ్య ధార డబ్బాలో, చివరి ధార చొక్కా జేబులో. ల్యాబువాళ్ళ నిబంధన అక్షరాలా పాటించాం. ఈ చన్నీళ్ళ చిట్కా మీద మెల్‌బోర్న్ పిల్లల ఆసుపత్రి డాక్టర్లు 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వేశారని తర్వాత చదివాను. ఏడాదిలోపు పిల్లలకి చల్లటి తడి గాజుగుడ్డతో పొత్తికడుపు కింద రాస్తే అయిదు నిమిషాల్లో నూటికి 31 మంది పోశారట. ఊరికే ఎదురుచూసినవాళ్ళలో 12 మందే. అమ్మకి చెప్తే, "వాళ్ళకెవరు చెప్పారూ?" అంది.

రిపోర్టులో 'పస్ సెల్స్ ప్లెంటీ' అని వచ్చింది. కల్చర్‌కి పంపి, అడ్మిట్ చెయ్యమన్నారు. వాంతులవుతున్నాయి, నోటి మందు నిలవదు, జ్వరం చూస్తే కిడ్నీ దాకా పాకిందేమోనని అనుమానం. "ఓరల్‌తోనే మేనేజ్ చెయ్యలేమా మేడమ్, మా దాంట్లో..." అని మొదలుపెట్టాను. ఆవిడ చూసిన చూపుకి మిగతా వాక్యం ఇప్పటికీ నా గొంతులోనే ఉంది.

సిస్టరు వాడి చేతులు రెండూ, పాదాలు రెండూ తట్టి తట్టి నరం వెతికింది. బొద్దు పిల్లలకి నరం దొరకదు. వాడి చెయ్యి కదలకుండా పట్టుకునే బాధ్యత నాకిచ్చారు. వాడు నన్ను చూసి "నాన్నా" అని ఒక్క కేక పెట్టాడు. నేను కళ్ళు మూసుకున్నాను. నా చెయ్యి వదులైంది, సూది పక్కకి పోయింది. "సార్, మీరు బయట ఉండండి" అంది సిస్టరు. ఇంజెక్షన్లు అమ్మి రెండుసార్లు ఇన్సెంటివ్ కొట్టిన మనిషిని. కారిడార్లో కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డాను. లోపల మా ఆవిడ పట్టుకుంది, కాన్యులా పడింది.

లోపలికొచ్చేసరికి వాడి చేతికి కట్టు కట్టేశారు. చెయ్యి వంచకుండా అడుగున అట్టముక్క పెట్టి, దానికి గాజుగుడ్డ చుట్టి, ప్లాస్టరు వేశారు. ఆసుపత్రుల్లో ఖాళీ మందుల పెట్టెలు ఇలా కత్తిరించి ఉంచుకుంటారు. గాజుగుడ్డ చివర్న అట్ట అంచు కాస్త బయటికి ఉంది. నీలం రంగు చూడగానే గుర్తుపట్టాను. మా కంపెనీ లోగోలో సగం. మా సిరప్ పెట్టే ఆ అట్ట. వాడు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ మా కంపెనీ సరుకులో నిజంగా పనిచేసింది అదొక్కటే.

అది ఇద్దరు పిల్లలుండే గది. పక్క మంచం మీద న్యుమోనియాతో ఉన్న పాప, దానికి కాపలాగా కంకిపాడు నుంచి వచ్చిన తాతగారు. నా మాటల్లో ఎక్కడో మావాడికి ఎక్కిస్తున్న సెఫ్‌ట్రయాక్సోన్ పేరు దొర్లింది. అంతే, పెద్దాయన మనవరాలి ఫైలు తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "కాస్త చూడండి బాబూ, మీరు ఈ లైన్లో వాళ్ళలా ఉన్నారు" అన్నాడు. పాత గొంతు తన్నుకొచ్చింది. గొంతు తగ్గించి, "సీఆర్పీ కొంచెం పెరిగిందండీ..." అన్నానో లేదో, మా ఆవిడ పాలసీసా కడుగుతూ అక్కడినుంచే, "తాతగారూ, ఆయన మాట నమ్మే మేం ఇక్కడ ఉన్నాం" అంది. పెద్దాయన ఫైలు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

పరామర్శలు మొదలయ్యాయి. యాపిల్స్, బ్రెడ్డు, హార్లిక్స్. వచ్చినవాళ్ళందరూ నన్ను చూసి ఒకటే మాట: "మీ ఇంట్లో కూడానా!" దొంగతనం జరిగిన పోలీసు ఇంటికొచ్చినట్టు వచ్చారు. అపార్ట్‌మెంటు నుంచి తహసిల్దారు గారు వచ్చి, పిల్లాణ్ణి చూసి, నన్ను చూసి, కాసేపు ఊరుకుని, "మొన్న నాకిచ్చిన మాత్రలు కంటిన్యూ చెయ్యమంటారా, డాక్టరుకి చూపించుకోమంటారా?" అని అడిగారు. పొద్దున్నే గాంధీనగర్ వెళ్ళి బాబాయ్ హోటల్ ఇడ్లీ తేవడం నా డ్యూటీ. వెన్న వేసి తెస్తాను గదా, ఆ ఒక్క పనిలో మాత్రం ఎవరూ నన్ను వేలెత్తి చూపలేదు.

సెఫ్‌ట్రయాక్సోన్ ఎక్కుతూనే ఉంది, జ్వరం వస్తూనే ఉంది. కల్చర్‌లో క్రిమి పెరగడానికి ఒక రోజు, ఏ మందుకి లొంగుతుందో తేలడానికి ఇంకో రోజు. క్రిమి పేరు ముందే చెప్పారు, ఈ-కొలై. పిల్లల మూత్ర ఇన్ఫెక్షన్లలో అత్యధికం దీనివల్లే. పేగుల్లో ఉన్నంతసేపూ సాధువు, దారి తప్పి మూత్రనాళంలోకి వచ్చిందా అప్పుడు చెప్పాలి. దీన్ని 1885లో కనిపెట్టిన థియొడోర్ ఎషెరిక్ కూడా పిల్లల డాక్టరే. మ్యూనిక్‌లో పసివాళ్ళ మలం పరీక్ష చేస్తూ పట్టుకున్నాడు. కంపెనీ ట్రైనింగ్ క్విజ్‌లో ఈ ప్రశ్నకి జవాబు చెప్పి నేనొక పెన్‌డ్రైవ్ గెలిచాను. అందులో ఇప్పుడు మావాడి బారసాల ఫొటోలున్నాయి.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. ఒక మిల్లీలీటరుకి లక్షకు పైగా కాలనీలు. కింద మందుల జాబితా, ఒక్కోదాని ఎదురుగా ఎస్ అనో ఆర్ అనో అక్షరం. ఎస్ అంటే క్రిమి ఆ మందుకి లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. ఏ తండ్రయినా ముందు ఎస్‌లు ఎక్కడున్నాయో చూస్తాడు. నేను ముందు మా మందు వెతికాను. అలవాటు. సెఫిక్సిమ్, ఆర్. దానికి చుట్టమైన సెఫ్‌ట్రయాక్సోన్, ఆర్. ఆంపిసిలిన్, ఆర్. కింద 'ఈఎస్‌బీఎల్' అని రాశారు. అంటే ఈ క్రిమి సెఫిక్సిమ్ జాతి మందుల్ని విరిచి పారేసే ఎంజైము సొంతంగా తయారు చేసుకుంటుంది. మన ఆసుపత్రుల్లో దొరికే ఈ-కొలైలో మూడోతరం సెఫలోస్పోరిన్లకి లొంగనివే ఎక్కువని ఐసీఎంఆర్ ఏటేటా చెప్తూనే ఉంది. మా విజువల్ ఎయిడ్‌లో మాత్రం తొంభై పైచిలుకు శాతం లొంగుతాయని ఆకాశాన్నంటే ఆకుపచ్చ స్తంభం, దాని పక్కన నవ్వుతున్న పాప. ఆ గ్రాఫు ఏ దేశంలో, ఏ కాలంలో తీసిందో అడుగున సూక్ష్మాక్షరాల్లో ఉంటుంది. ఇన్నాళ్ళూ ఆ అక్షరాల మీద నా బొటనవేలు పెట్టి పేజీ పట్టుకునేవాణ్ణి. కావాలని కాదు, అక్కడ పట్టుకుంటే పేజీ వంగదు.

జాబితాలో అన్నిటికన్నా పైన, అక్షరక్రమంలో మొదటిది, అమికాసిన్. ఎస్. 1970ల నాటి మందు. కొత్త బ్రోషర్లు లేవు, కాన్ఫరెన్సులు లేవు, దాని గురించి చెప్పడానికి ఎవరూ టై కట్టుకోరు. ఆ వారంలో మా బిల్లులో మందు సీసా ధరకన్నా దాన్ని ఎక్కించే సెట్టు ధరే ఎక్కువ. నోటి మందు లేదు, సూది ద్వారానే ఇవ్వాలి. చెవికీ కిడ్నీకీ ఇబ్బంది రాకుండా చూసుకోవాలి గనక రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేస్తూ, రోజుకి ఒక్క డోసు. "నైట్రోఫ్యురాంటాయిన్‌కి కూడా ఎస్ ఉంది కదా మేడమ్, అది నోటితో వెయ్యొచ్చు..." అన్నాను. చివరి ప్రయత్నం. "అది మూత్రసంచి వరకే. కిడ్నీ కండలోకి చాలినంత చేరదు" అన్నారు మేడమ్. ఆవిడకి నా మీద జాలి మొదలైందని ఆ గొంతులో తెలిసింది.

ఆ రాత్రే ఇంకొకటి జరిగింది. లుంగీ కట్టుకుని, ఫ్లాస్కు పట్టుకుని, కింద ఫార్మసీ ముందు నిలబడి ఉంటే వెనకనుంచి, "బ్రదర్! నైట్ కాలా?" అని వినపడింది. మా పోటీ కంపెనీ రెప్పు. సంగతి చెప్పాను. చీటీ చూశాడు. మొహంలో సానుభూతి, దాని వెనకాల ఇంకేదో. "బ్రదర్, ఈ బ్రాండ్ మాదే" అన్నాడు. లోపలికెళ్ళి స్టాకు ఉందో లేదో స్వయంగా కనుక్కుని, సీసాలు చేతిలో పెట్టి, "పిల్లాడికి తగ్గిపోతుంది బ్రదర్" అన్నాడు. తగ్గింది. రెండో డోసు తర్వాత 104 కాస్తా 100 అయింది, ఆ మర్నాడు అదీ లేదు. కిడ్నీల స్కానింగు కూడా చేశారు, అంతా మామూలుగానే ఉంది. వాడు లేచి కూర్చుని, అట్టముక్క ఉన్న చేత్తో నా నెత్తి మీద టపటపా కొట్టాడు. సగం లోగోతో కొట్టడం నాకు స్పష్టంగా తెలిసింది.

రౌండ్స్‌కి వచ్చినప్పుడు మేడమ్ అమ్మని అడిగారు, ఇంట్లో ఏం పట్టిస్తున్నారని. "బార్లీ నీళ్ళమ్మా" అంది అమ్మ, కాస్త బెరుగ్గా. "పట్టండి, మంచిదే. నీళ్ళు ఏ రూపంలో లోపలికెళ్ళినా మంచిదే. పాలు తగ్గించి కూరలూ పండ్లూ పెట్టండి, విరేచనం సాఫీగా అవ్వాలి. డైపరు తరచూ మార్చండి" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "మీ అమ్మగారు మొదటిరోజే మూత్రం వాసన పట్టుకున్నారటగా. వినాల్సింది" అన్నారు. అమ్మ చీర కొంగు సర్దుకుంది. ఆ రోజు నుంచీ మా అపార్ట్‌మెంట్లో ఓపీ ఆవిడే చూస్తోంది. కాఫీ మాత్రం ఇవ్వట్లేదు, బార్లీ ఇస్తోంది.

డిశ్చార్జి గురించి ఎక్కువ చెప్పను. బీమా కంపెనీ డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలని ఐఆర్‌డీఏఐ 2024లో సర్క్యులర్ వేసిందని కౌంటరు అమ్మాయికి చెప్పాను. "అవును సార్, ఫైలు మా దగ్గర్నుంచి వాళ్ళకి వెళ్ళాక మూడు గంటలు" అంది. ఫైలు ఇంకా వార్డులోనే ఉంది. ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళ అయింది. గుమ్మంలో ఎర్రనీళ్ళతో దిష్టి తీశారు. అమ్మ నన్ను కూడా పక్కన నిలబెట్టబోతే, మా ఆవిడ, "ఆయనకెందుకులెండి అత్తయ్యా, ఆయన దిష్టే తగిలింది వాడికి" అంది.

బీరువా ఖాళీ అయింది. సీసాలన్నీ సింకులో పారబోస్తానని ఆవిడ, వద్దని నేను. డ్రైనేజీలో పోస్తే అక్కడి క్రిములు కూడా వీటికి అలవాటు పడతాయని ఈసారి నేను చెప్పిన మాట నిజమే. అయినా ఎవరూ నమ్మలేదు. ఆవిడ గూగుల్ చూసి ఒప్పుకుంది. అట్టపెట్టెలో సర్ది కంపెనీకి తిప్పి పంపించాను. ఆ అరల్లో ఇప్పుడు పట్టుచీరలున్నాయి. అరలు ఖాళీగా ఉంటే బాగుండవని కొత్తవి కూడా కొన్నది.

గురువారం వచ్చింది. మేడమ్ గది బయట, నిలబడకుండా, పేషెంట్లందరూ అయిపోయేదాకా ఆగాను. లోపలికెళ్ళి బ్యాగు తెరిచి, విజువల్ ఎయిడ్ తీసి, ఆకుపచ్చ స్తంభం పేజీ తిప్పాను. ఆవిడ గ్రాఫు చూస్తున్నారు. నేను బొటనవేలు ఎక్కడ పెట్టాలో తెలియక పేజీ వంచేశాను.

"చెప్పు" అన్నారు.

"రిమైండర్, మేడమ్" అన్నాను.

"బాబు ఎలా ఉన్నాడు?"

"పప్పన్నం తింటున్నాడు మేడమ్."

"సరే, కూర్చో" అన్నారు. ఆ నెల నా టార్గెట్ సగం కూడా రాలేదు. ఎందుకు పడిపోయిందో సంజాయిషీ రాసి పంపమని మా ఏరియా మేనేజర్ గారు మెయిల్ పెట్టారు. రాశాను, మీరు చదివింది అదే. ఆయనకి మాత్రం 'ఎండలు ఎక్కువగా ఉన్నందున' అని ఒక్క లైను పంపించాను.